గొర్లు తాగిన నాలుగు వేళ్ల నీళ్లు

నా ఉద్యోగంలో చివరి పాతికేళ్లు చమురు బావుల దగ్గర గడిచాయి. మైలు లోతున రాతి పొరల్లో ఉన్న నూనెను ఎవరూ కళ్లతో చూడలేరు. అక్కడ ఎంత ఉంది, రాయి దాన్ని ఎంత సులువుగా వదులుతుంది, ఆ పొర ఎంత దూరం పాకింది అని తెలుసుకోవడానికి ఒక దారి ఉంది. బావిని కొంతసేపు పారనివ్వాలి, టక్కున మూసెయ్యాలి, లోపలి ఒత్తిడి మళ్లీ ఎంత తొందరగా పెరుగుతుందో గంటల తరబడి కాచుకుని చూడాలి. ఈ పని ఎక్కడ నేర్చుకున్నారని కొత్తగా చేరినవాళ్లు నన్ను అడిగేవారు. ఏదో పెద్ద కాలేజీ పేరు చెబుతానని వాళ్ల ఆశ. తిరుమలగిరి దగ్గర ఒక మోట బావి మీద, రెండు వందల గొర్ల సాక్షిగా నేర్చుకున్నానంటే నమ్మేవారు కాదు. నమ్మకపోతే వాళ్ల ఖర్మ.

అవి అరవైలు మొదలైన కొత్త రోజులు. కృష్ణ మీద పెద్ద డ్యాం లేస్తోంది గాని, ఆ నీళ్లు మా మెట్ట ఊళ్లకు ఎక్కవని అందరికీ తెలుసు. అందుకని బావుల మీద ఆయిల్ ఇంజన్లు పెట్టుకోమని సర్కారు చెబుతోంది. ఇంజను ఇచ్చే ముందు ఆ బావి దానికి తట్టుకుంటుందో లేదో ఒకరు వెళ్లి చూసి రాయాలి. ఆ ఒకరిని నేనే. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. ఒక డిప్లొమా, ఒక సైకిలు, ఒక చేతి గడియారం, కొసకు ఇనుప గుండు కట్టిన టేపు ఉండేవి. వీటన్నిటికంటే బరువైన గర్వం కూడా ఉండేది.

మాది పానగల్ పక్క ఊరు. చెరువు కింద పుట్టి పెరిగినవాణ్ణి. తూము ఎత్తితే మడిలోకి నీళ్లు వచ్చేవి. బావి దగ్గర మనుషులు ఎలా మసులుకుంటారో నాకు తెలియదు. తెలియదన్న సంగతి కూడా తెలియదు.

పరీక్ష పద్ధతి చెప్పుకోవడానికి సులువే. పొద్దున్నే నీటి మట్టం కొలవాలి. మధ్యాహ్నం దాకా ఎద్దులతో మోట కొట్టించి, అంటే పెద్ద తోలు బానతో తోడించి, నీళ్లు దించాలి. తర్వాత మోట ఆపించి, ఆ క్షణం నుంచి పావుగంటకొకసారి కొలుస్తూ పోవాలి. టేపుకు సుద్దముక్క రుద్ది బావిలోకి వదిలితే, తడిసినంత మేర సుద్ద నల్లబడుతుంది. ఆ గీత చూసి రాసుకోవడమే. బావి నిండుగా ఉందా లేదా అన్నది లెక్కలోకి రాదు. దించిన నీళ్లు ఎంత తొందరగా మళ్లీ ఊరుతాయన్నదే లెక్క. అలా ఊరేటప్పుడు మాత్రం ఒక్క చెంబెడు కూడా తోడకూడదు. ఈ చివరి నియమం మీద నాకు భక్తి కాస్త ఎక్కువ.

ఆ రోజు నేను పోయిన బావి, భర్త చనిపోయిన ఒక రైతుది. యాభై దాటి ఉంటాయి. చీర గోచి పోసి కట్టి, ఎద్దులను పట్టుకుని నాకంటే ముందే సిద్ధంగా ఉంది. బావిలోకి తొంగి చూస్తే నీళ్లు పై మెట్టు దాకా ఉన్నాయి.

"ఒక్క తొట్టికి తప్ప మూడు దినాల సంది ముట్టలే సారూ. సర్కారు మనిషొస్తుండని మడి ఎండబెట్టి మరీ నింపి పెట్టిన," అంది.

పెళ్లివారు వస్తారని ఇల్లు అలికి పెట్టినట్టు బావిని నింపి పెట్టింది పాపం. నాకు నవ్వొచ్చింది.

"నిండుగ ఉన్నదా అని నేను చూడనమ్మా. ఖాళీ చేసి చూస్త," అన్నాను.

"గట్లనా. ముందుగాల్నే చెప్తే నా మడన్న బతికేది గద," అంది.

నవ్వుతూనే అంది గాని, ఆమెకు ఆ రోజు నవ్వులాట రోజు కాదు. ఆ బావిని ఆమె భర్త మూడు ఎండాకాలాలు రాయి కొట్టి తవ్వాడు. తవ్వింది ఆయన, మట్టి మోసింది ఆమె. ఆయన పోయి రెండేళ్లయింది. పోయిన వానాకాలం జోడెడ్లలో ఒకటి చచ్చిపోయింది. మోట కొట్టాలంటే రెండు కావాలి. రెండో ఎద్దును అప్పటి నుంచి రోజూ ఊళ్లో అడిగి తెచ్చుకుంటోంది.

"ఇంజను రాకుంటే మడి కౌలుకిచ్చుడే," అంది. "ఆయన తవ్విన బావిని తీస్కపోయి ఇంకోని చేతిల పెట్టుడు నాతోని అయితదా సారూ. నాకు దుక్కమొస్తది."

నేను నా కాగితం తీసి చూపించాను. అడుగున ఒక వరస ఉంది. పక్క బావి వాళ్లకు అభ్యంతరం లేదని వాళ్ల సంతకమో వేలిముద్రో కావాలి. పక్క బావి ఎవరిదని అడిగాను. రెండు మళ్ల అవతల, కాస్త పల్లంలో ఉన్న బావి వైపు గడ్డం ఎత్తి చూపింది.

"మా మరిదిది."

"అయితే సులువే."

"ఏం సులువు? మాకు ఆరేండ్ల సంది మాట్లేదు."

ఆ కథ ఆమె నాకు ముక్కలు ముక్కలుగా చెప్పింది. మోట కొట్టేటప్పుడు ఎద్దులు వాలు దిగుతుంటే తోలేవాళ్లు తాడు మీద కూర్చుంటారు. అలా కూర్చుని దిగేటప్పుడు చెప్పేది. ఎద్దులను వెనక్కి నడిపించేటప్పుడు ఆపేది. తర్వాతి ముక్క కోసం నేను బావి గట్టు మీద ఎదురుచూసేవాణ్ణి.

అన్నదమ్ములు వేరు పడ్డప్పుడు గొర్ల మంద తమ్ముడికి వచ్చింది. తండ్రి చెక్కించిన రాతి తొట్టి అన్నకు వచ్చింది. అన్న ఈ రాళ్ల దిబ్బ మీద బావి మొదలుపెడితే తమ్ముడు నవ్వాడు. ఆ రాళ్లల్ల నీళ్లు పడితే నా మీసం తీస్త అని పదిమందిలో అన్నాడు. మూడో ఎండాకాలం నీళ్లు పడ్డాయి. ఊళ్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఈమె ఎత్తింది. ఒక పెళ్లిలో మరిది తన అత్తగారి వైపు వాళ్లతో కలిసి బంతిలో కూర్చుంటే, వడ్డిస్తూ పోయి, "మంగలిని పిలువనా?" అని అడిగింది. బంతి అంతా నవ్వింది. ఆయన విస్తరి ముందు నుంచి లేచి పోయాడు. ఆ మరుసటి ఏడు తన మడి పల్లంలో తానూ బావి తవ్వాడు, దానికీ నీళ్లు పడ్డాయి. అన్న చనిపోతే పాడె మోశాడు, చెయ్యవలసిందంతా చేశాడు. వదినతో మాత్రం ఒక్క మాట మాట్లాడలేదు.

"పరాశికానికి అన్న. తినే మనిషిని లేపిన. తప్పు నాదే," అంది, వాలు దిగుతూ.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి నీళ్లు నిలువున్నర లోతుకు దిగాయి. నేను గడియారం చూసి మోట ఆపమన్నాను.

"తొట్టి నింపి ఆపుత," అంది.

"ఒక్క మోట గూడ వద్దు. ఆపమంటే ఆపాలె," అన్నాను. నాకు ఆఫీసు గొంతు ఒకటి ఉండేది. అది వాడాను.

ఆమె నా వైపు ఒకసారి, ఖాళీ తొట్టి వైపు ఒకసారి చూసి, ఎడ్లను విప్పింది. మొదటి పావుగంటకు టేపు వదిలాను. నీళ్లు లేస్తున్నాయి. రెండో పావుగంటకు ఇంకా లేచాయి. బావి బ్రహ్మాండంగా ఉంది. గీతలు చూసుకుని మురిసిపోతున్నాను. అంతలో దుమ్ము లేచింది, గంటల చప్పుడు వినిపించింది, మరిది గొర్ల మంద మొత్తం మా మీదికి వచ్చింది.

తర్వాత తెలిసింది నాకు. ఆరేళ్లుగా ఆ మంద మధ్యాహ్నం పూట ఈ తొట్టికే వచ్చి తాగి పోతోంది. వాటి తాతముత్తాతలు తాగిన తొట్టి ఇదే, వాటికి వేరే తొట్టి తెలియదు. ఆయన గట్టు అవతలే నిలబడతాడు. ఈమె తొట్టి నింపి పెడుతుంది. మనుషులకు మాటలు లేవు గాని ఈ ఏర్పాటుకు ఒక్కరోజు కూడా నాగా లేదు. మోట విప్పే ముందు తొట్టి నింపడం ఆ బావుల మీద ధర్మం. అది నింపకుండా విప్పించిన మొదటి మనిషిని నేనే.

నేను రెండు చేతులూ చాచి తొట్టికి అడ్డంగా నిలబడ్డాను. గొర్లు నన్నొక లెక్కలోకి తీసుకోలేదు. నా కాళ్ల మధ్య నుంచి కూడా పోయాయి. ఖాళీ తొట్టిని నాకి, తలలెత్తి అరవడం మొదలుపెట్టాయి. ఆమె ఎద్దులను తోలుకొచ్చి మళ్లీ కట్టింది.

"కట్టద్దు. పరీక్ష చెడిపోతది," అన్నాను.

"చెడనియ్యి. బావి కాడికొచ్చిన జీవానికి లేవంటే ఇగ బావి ఎందుకు, ఇంజను ఎందుకు?"

"సాయంత్రం దాకా ఆగుతయి తియ్యి."

"నువ్వు ఆగినవా? పొద్దటి సంది రెండు చెంబులు తాగినవు," అంది.

మోట దిగింది. ఒకటి, రెండు, మూడు. మూడో పావుగంటకు కొలిస్తే లేవాల్సిన నీళ్లు కిందికి పోయాయి. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు గొర్ల మీది కోపం నేను కాగితం మీద చూపించాను. 'పరీక్ష చెడినది. సిఫారసు చేయలేను' అని బరబరా రాసి, సైకిలు వైపు నడిచాను.

"ఏం రాసినవు సారూ?"

చదివి వినిపించాను.

"గది బావి సంగతా, గొర్ల సంగతా?"

నేను నిలబడిపోయాను.

"నీళ్లు తగ్గినయంటవు. ఎటు పోయినయో నీ కండ్ల ముందల్నె ఉన్నయి. ఏడు మోటలు. ఆఖరుది సగమే. అవి గూడ లెక్కల కలుపుకో. సదువుకున్నోనివి గద."

ఏ మడికి ఎన్ని మోటలో ఆమెకు కంఠస్థం. వేళ్ల కణుపుల మీద లెక్క పెట్టనిదే ఆమె ఒక్క మోట కూడా కొట్టదు. ఆమె చెప్పింది సరి అని నాకు వెంటనే అర్థమైంది. తప్పు నాదని తెలిస్తే నాకు కోపం ఇంకాస్త పెరుగుతుంది. ఆ జబ్బు ఇప్పటికీ ఉంది. అది దిగేదాకా కాసేపు సైకిలు చక్రంలో గాలి చూస్తున్నట్టు నటించి, వెనక్కి వచ్చాను.

ఒక మోటను కిరసనాయిలు డబ్బాతో కొలిచాం. ఎనిమిది డబ్బాలు, పైన ఇంకో నాలుగు చెంబులు. బావి పొడవు వెడల్పులు నా దగ్గర ఉన్నాయి. లెక్క కడితే మంద తాగింది బావిలో నాలుగు వేళ్ల నీళ్లు. ఆ నాలుగు వేళ్లు తిరిగి కలిపితే మూడో పావుగంట గీత మొదటి రెండింటి పక్కన బుద్ధిగా వచ్చి నిలబడింది. తర్వాతి కాలంలో చమురు బావుల మీద, మూసి ఉంచాల్సిన బావి మధ్యలో కాసేపు పారితే మావాళ్లు పరీక్ష పోయిందని తలలు పట్టుకునేవారు. పోలేదు, పారినదెంతో కలుపుకోండి అనేవాణ్ణి. దానికి పుస్తకాల్లో పెద్ద పెద్ద సూత్రాలున్నాయి. అసలు సూత్రం నాకు ఆ గట్టు మీదే దొరికింది.

కాగితం మీద రాసింది కొట్టేస్తుండగా మరిది వచ్చాడు. మీసం దూరం నుంచే కనిపించింది. వదినకు రెండు గజాల దూరంలో నిలబడి, నాతో మాట్లాడాడు.

"సారూ, బావి కాడి ఆమెకు చెప్పు. నా బావిల నీళ్లు మూరెడు దిగినయి. పొద్దటి సంది నేను బొక్కెన ముంచలే. ఏం మందు పోసిన్రో ఏమో."

"సారూ, గొర్లాయనకు చెప్పు," అంది ఆమె, ఎద్దు వీపు నిమురుతూ. "మేం మందులు పోయం. మేం నీళ్లు పోస్తం, ఆయన గొర్లకు."

ఇద్దరి మాటలూ ఇద్దరికీ వినిపించాయి. అయినా ధర్మం కాబట్టి అటు ఒకసారి, ఇటు ఒకసారి చెప్పాను. చెబుతుండగా నా బుర్రలో ఏదో తగిలింది. తోడని బావిలో మూరెడు దిగడమేమిటి? టేపు పట్టుకుని మడి గట్ల మీద ఆయన బావికి పరుగెత్తాను. రాతి గోడ మీద మూరెడు మేర తడి ఇంకా ఆరలేదు. అంటే నీళ్లు అప్పటికప్పుడే దిగాయి.

రెండు బావులనూ ఒకే క్షణంలో కొలవాలి. నాకున్నది ఒక గడియారం, ఒక టేపు. టేపు ఆయనకిచ్చి ఆయన బావి దగ్గర నిలబెట్టాను. ఆమె ఒక తాడుకు రాయి కట్టి, వేలికొక ముడి వేసుకుని తన బావి దగ్గర నిలబడింది. నేను మధ్య గట్టు మీద గడియారం చూస్తూ జేబులోని దస్తీ పైకెత్తుతాను. ఎత్తగానే ఇద్దరూ లోపలికి వదలాలి. ఎంత వచ్చిందో అరిచి చెప్పాలి.

మొదటిసారి ఇద్దరూ నాకే చెప్పారు. ఆమె బావిలో మట్టం మూడు వేళ్లు పెరిగింది. ఆయన బావిలో రెండు వేళ్లు తగ్గింది. పొద్దువాలే గాలి మొదలైంది. రెండోసారి ఆయన అరిచింది గాలికి కొట్టుకుపోయి నాకు అందలేదు.

"ఎంతట?" అని ఆమెను అడిగాను.

ఆమె చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని గట్టిగా అరిచింది. "నీ దాంట్ల ఎంత?"

"ఒక వేలు తగ్గింది. నీ దాంట్ల?"

"రెండు పెరిగినయి."

"నా నీళ్లు నీ దిక్కు పోతున్నయి."

"నీ నీళ్లా, నా నీళ్లా? ఊట ఒక్కటే ఉన్నట్టున్నది."

ఆరేళ్ల తర్వాత వాళ్లు ఒకరితో ఒకరు అన్న మొదటి మాటలు అవే. వాళ్లిద్దరూ ఆ సంగతి గమనించలేదు. నేను గమనించాను గాని నోరు మూసుకున్నాను. నా జీవితంలో నేను చేసిన తెలివైన పనుల్లో అదొకటి. ఆ తర్వాత గాలి తగ్గినా నేను చెవిటివాడిలాగే నటించాను. దస్తీ ఎత్తడం వరకే నా పని. పావుగంటకొకసారి వాళ్లే అరుచుకుని, తర్వాత ఇద్దరూ ఒక్కసారే నా వైపు తిరిగి, రాసుకో అన్నట్టు చూసేవారు.

ఇంకో గంటకు ఆయన బావి దిగడం ఆగింది. ఆ తర్వాత రెండూ కలిసి, వేలుకు వేలు లేవడం మొదలుపెట్టాయి. రెండు బావుల మధ్య కింద ఒకటే రాతి చీలిక ఉంది. ఒకే ఊట రెండింటికీ నీళ్లు పోస్తోంది. ఒక బావిని చూసి ఆ బావి సంగతి చెప్పవచ్చు. నేల సంగతి తెలియాలంటే పక్క బావిని కూడా చూడాలి.

పొద్దు గూకే ముందు ముగ్గురం తొట్టి దగ్గర చేరాం. బావికి శక్తి ఉంది, ఆ మాట రాశాను. అడుగు వరస మిగిలింది. ఆమె ఎద్దు మెడ తాడు సర్దుతూ మొహం అటు తిప్పుకుంది. ఆ వేలిముద్ర పడాలని నాకూ గట్టిగా ఉంది. అయినా చెప్పక తప్పదు.

"ఇక్కడ ఇంజను నడిస్తే నీ బావి గూడ దిగుతది. నువ్వే కొలిచి చూసినవు. ఈ సంగతి చెప్పకుండ నీ వేలు కాగితం మీద పెట్టించుకోను," అన్నాను ఆయనతో.

ఆయన చూపు రెండు బావుల మధ్య నేల మీద అటూ ఇటూ తిరిగింది.

"ఈ రాళ్లల్ల నీళ్లున్నయని అన్న ఎట్ల కనిపెట్టిండు?" అని అడిగాడు. నన్ను కాదు.

"ఎండకాలంల గూడ ఈ రాయి సందున గడ్డి పచ్చగ ఉండేదట," అంది ఆమె, మొహం తిప్పకుండానే.

"అవు. నాకు గూడ తెచ్చి చూపించిండు. నేనే నవ్విన." తన బావి వైపు చూశాడు. "పల్లంల నేను తవ్వితే పడ్డది గూడ అన్న ఊటేనన్నట్టు."

ఆయన చెయ్యి మెల్లగా మీసం మీదికి పోయింది.

"ఇగ మంగలిని పిలువు, వదినె," అన్నాడు.

ఆమె గిరుక్కున తిరిగింది. నవ్వుతోంది, కళ్లనిండా నీళ్లున్నాయి. తొట్టి పక్కన ఉన్న బిందె వంచి చెంబు ముంచింది.

"మీసం ఉండనియ్యి. నీళ్లు తాగు," అంది.

ఆరేళ్లుగా తన గొర్లు మాత్రమే తాగిన నీళ్లను ఆయన వంగి దోసిలి పట్టి తాగాడు. ఆమె చెంబు ఖాళీ అయ్యేదాకా పోసింది, ఇంకో చెంబు ముంచి మళ్లీ పోసింది. ఆ తడి చేత్తోనే నా సిరా డబ్బాలో బొటనవేలు అద్ది కాగితం మీద పెట్టాడు. ముద్ర పాకిపోయి పెద్ద నీలం చుక్క అయింది.

మర్నాడు మా ఆఫీసరు ఆ కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు.

"ఇది వేలిముద్రా, మరకా?"

"వేలిముద్రేనండి. నా ముందే పెట్టాడు," అన్నాను.

ఇంజను ఆ పంట కారుకే వచ్చింది. రెండు బావులకూ నడిమధ్య గట్టు మీద దించారు.